మెహందీ కోన్ పట్టిన చేతికి కాలేజీ దారి ఏది?

చాంద్ రాత్ నాడు మగ్రిబ్ నమాజ్ అయ్యీ కాకముందే బస్తీలో ఒక ఇంటి ముందు ఆడపిల్లలు బారులు తీరతారు. లోపల 7వ తరగతి చదివే అమ్మాయి చాప మీద కూర్చుని ఒక్కో చేతికీ మెహందీ పెడుతుంటుంది. ముందుగా ఏ గుర్తులూ గీసుకోదు. చెయ్యి చూస్తుంది, వేళ్ల పొడవు చూస్తుంది, నేరుగా మొదలుపెట్టేస్తుంది. అర్ధరాత్రి దాటేసరికి ఇరవై, ముప్పై చేతులు పూర్తవుతాయి. ఖాలాలు, ఫుప్పూలు మెచ్చుకుని చేతిలో ఈదీ పెట్టి పోతారు. పండుగ దాటి వారం తిరగక ముందే అదే అమ్మాయి లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో తీగలు, పూలు గీస్తూ అబ్బాకు దొరికితే మాత్రం, "ఇవన్నీ కడుపు నింపుతాయా?" అనే మాట పడుతుంది.

ఇలాంటి పిల్లలు దాదాపు ప్రతి ఖాందాన్‌లోనూ ఉంటారు. కజిన్ నిఖా వీడియోను ఫోన్‌లోనే కత్తిరించి, అతికించి అందరికీ పంపే అబ్బాయి ఒకడు. చెల్లెళ్లకు రోజుకో కొత్త కథ అల్లి చెప్పే పిల్ల ఇంకొకరు. పాత మిక్సీ విప్పి, దాని డబ్బాతో పెన్‌స్టాండ్ చేసే వాడు మరొకడు. 6, 7, 8 తరగతుల్లో ఈ సరదాలు బాగా బయటపడతాయి. సరిగ్గా అదే సమయంలో వీటి మీద మూత కూడా పడుతుంది. కొన్ని ఇళ్లలో ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల వల్ల, కొన్ని ఇళ్లలో డబ్బు ఇబ్బంది వల్ల, ఆడపిల్లల విషయంలో "పదో తరగతి అయితే చాలు" అనే ఆలోచన వల్ల.

అబ్బా అడిగిన ప్రశ్న తప్పేమీ కాదు. కడుపు నింపుతుందా లేదా అని తల్లిదండ్రులు కాకపోతే ఎవరు అడుగుతారు? కాకపోతే ఆ ప్రశ్నకు జవాబు వెతక్కుండానే "నింపదు" అని తేల్చేయడం దగ్గరే చిక్కు వస్తోంది.

కారీగర్‌కూ డిజైనర్‌కూ మధ్య

ఇంట్లో ఒకసారి చుట్టూ చూస్తే చాలు. బిస్కెట్ ప్యాకెట్ మీద అక్షరాలు ఎవరో గీసినవే. ఫోన్‌లో బటన్ ఎక్కడుండాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. అబాయా కట్, దుపట్టా అంచు, చెప్పుల అట్ట, టీవీలో పిల్లలు కదలకుండా చూసే కార్టూన్, వీటన్నిటి వెనకా జీతం తీసుకునే మనుషులున్నారు. ఛోటా భీమ్‌ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోనే. ఈ సంగతి ఆ కార్టూన్ చూసి పెరిగిన చాలామంది పిల్లలకు తెలియదు, వాళ్ల అమ్మీ అబ్బాలకూ తెలియదు.

నిజానికి ముస్లిం కుటుంబాలకు ఈ రంగం కొత్తది కానే కాదు. జర్దోజీ, లాడ్ బజార్ లక్క గాజులు, బిద్రీ, ఛత్తా బజార్ షాదీ కార్డుల మీద ఖత్తాతీ, సైన్‌బోర్డు రాత, టైలరింగ్, ఫర్నిచర్ మీద నగిషీ, ఇవన్నీ తరాలుగా చేతిలో ఉన్న పనులే. జర్దోజీ, కలంకారీ అనే మాటలు కూడా ఫార్సీ నుంచి వచ్చినవే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బీదర్‌కు చెందిన బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

గౌరవాలు సరే, బతుకు సంగతి చూడాలి. మగ్గం ముందు వంగి కూర్చుని జర్దోజీ కుట్టే కారీగర్‌కు పీసు లెక్కన కూలి వస్తుంది. కళ్లు పోతాయి, నడుము పోతుంది, రేటు మాత్రం పెరగదు. అదే బట్ట మీద ఏ పువ్వు ఎక్కడ రావాలి, ఏ రంగు దారం వాడాలి, ఎంత ధరకు ఏ మార్కెట్‌లో అమ్మాలి అని నిర్ణయించే వ్యక్తికి నెల జీతమో, డిజైన్‌కు ఫీజో వస్తుంది. ఇద్దరి చేతిలో ఉన్న హునర్‌లో పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఒకరికి కాలేజీ, పట్టా, నలుగురితో మాట్లాడే భాష, కంప్యూటర్ మీద పని తోడయ్యాయి. ఇంకొకరికి అవి అందలేదు. కారీగర్ల ఇళ్ల పిల్లలు ఈ దూరం దాటగలిగితే, బయటివాళ్లు నాలుగేళ్లు చదివినా అందుకోలేని ఒక వస్తువు వాళ్ల దగ్గర ముందే ఉంటుంది. బట్ట గుణం, దారం బిగువు, ఏ చెక్క ఎలా చీలుతుందో చేతికి తెలిసి ఉండటం.

తలుపులు ఎక్కడున్నాయి

మొదట తెలుసుకోవాల్సింది ఇంటర్ గ్రూపు గురించి. డిజైన్ చదవాలంటే ఎంపీసీ తీసుకోవాలనో, సైన్సు రాని పిల్లలే ఆర్ట్స్‌కు పోతారనో రెండు అపోహలున్నాయి. రెండూ తప్పే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు, అంటే ఎన్ఐడీకి, ఏ గ్రూపు వాళ్లైనా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. నిఫ్ట్‌లో డిజైన్ కోర్సులకూ అంతే. అక్కడ మాథ్స్ అడిగేది ఫ్యాషన్ టెక్నాలజీ కోర్సుకు. ఆర్కిటెక్చర్ సంగతి వేరు. ఇళ్లు, భవనాలు గీయాలనుకునే పిల్లలకు ఇంటర్‌లో ఫిజిక్స్, మాథ్స్ ఉండి తీరాలి, ఆ తర్వాత నాటా కానీ జేఈఈ మెయిన్ పేపర్-2 కానీ రాయాలి. అందుకే 8వ తరగతి పిల్లవాడికి బిల్డింగుల మీద ఆసక్తి ఉన్నట్టు కనిపిస్తే లెక్కలు వదలనివ్వకూడదు. మిగతా డిజైన్ రంగాలకు ఆ బంధనం చాలావరకు లేదు.

తెలుగు రాష్ట్రాల్లోనే చూసుకుంటే చాలా దూరం పోనక్కర లేదు. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం, యానిమేషన్, ఫొటోగ్రఫీల్లో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి మధ్యతరగతి ఇంటికి అన్నిటికంటే దగ్గర్లో ఉన్న తలుపు ఇదే. ఇందులో అప్లైడ్ ఆర్ట్ అంటే ప్రకటనలు, ప్యాకింగ్, పుస్తకాల అట్టలు, లోగోలు వంటి పని. "పెయింటింగ్ వేసుకుంటూ ఆకలితో కూర్చోవడం" అనే భయం ఉన్నవాళ్లు ముందు ఈ పేరు గుర్తు పెట్టుకోవాలి. మాదాపూర్‌లో నిఫ్ట్ ఉంది. చెప్పులు, తోలు వస్తువుల డిజైన్‌కు హైదరాబాద్‌లోనే ఎఫ్‌డీడీఐ ఉంది. సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కాకుండా డిజైన్ డిగ్రీ కూడా ఉంది. దానికి జేఈఈ అక్కర్లేదు, ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్ష రాయాలి. "మా పిల్ల ఐఐటీ" అని చెప్పుకోవాలనుకునే తల్లిదండ్రులకు ఈ ముక్క చాలా ఇళ్లలో పనికొస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు వైపు ఎన్ఐడీ ఉంది. 2015లో మొదలైంది, 2019 చట్ట సవరణతో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా పొందింది. వస్తువుల డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్, వస్త్ర డిజైన్ నేర్పుతారు. ఏటా తీసుకునే సీట్లు నూరు లోపే. కడపలో 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది.

రాయడం, మాట్లాడటం ఇష్టమైన పిల్లలకు దారి మరోలా ఉంటుంది. వాళ్లు ముందు ఏ డిగ్రీ అయినా చేసి, తర్వాత జర్నలిజంలోకి రావచ్చు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలో జర్నలిజం విభాగం ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లకు మూడు భాషల్లో పని చేసే అవకాశం ఉంది. దీన్ని లోపంగా చూసే ఇళ్లు ఇంకా ఉండటం విచిత్రం. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' రాసింది సరిగ్గా ఇలాంటి ఇళ్ల మాటతోనే.

పదో తరగతి తర్వాత రెండేళ్ల ఇంటర్, నాలుగేళ్ల డిగ్రీ మోయలేని ఇళ్లకు పాలిటెక్నిక్ ఒకటి ఉంది. సికింద్రాబాద్‌లో ప్రింటింగ్ టెక్నాలజీకి ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. షాదీ కార్డుల ప్రెస్సు నడిపే కుటుంబాలకు ఇది పరాయి చదువేమీ కాదు.

వయసు, సర్టిఫికెట్లు: ఇక్కడే జారిపోయేది

ప్రతిభ లేక ఆగిపోయే పిల్లల గురించి అందరూ మాట్లాడతారు. కాగితాల వల్ల ఆగిపోయే పిల్లల గురించి ఎవరూ చెప్పరు.

ఎన్ఐడీ డిగ్రీకి జనరల్ అభ్యర్థుల వయసు 20 ఏళ్లు దాటకూడదు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు మూడేళ్ల సడలింపు ఉంటుంది. నిఫ్ట్‌కు 24 లోపు ఉంటే చాలు. హిఫ్జ్ కోసం రెండు మూడేళ్లు బడి ఆపి, తిరిగి చేరిన పిల్లలు ఉన్న ఇళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. పన్నెండేళ్ల వయసులో ఇది ఎవరికీ గుర్తుకు రాదు, ఇంటర్ అయ్యాక ఫారం నింపేటప్పుడు తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఇలాంటి పిల్లలకు నేషనల్ ఓపెన్ స్కూల్ మంచి ఆసరా. అందులో పదో తరగతి, పన్నెండో తరగతి రెండింటిలోనూ పెయింటింగ్ ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు.

రెండోది రిజర్వేషన్. రెండు రాష్ట్రాల్లో బీసీ-ఈ కింద 4 శాతం ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది రాష్ట్ర సంస్థలకు పనికొస్తుంది. ఎన్ఐడీ, నిఫ్ట్, ఐఐటీ వంటివి కేంద్ర సంస్థలు, అవి చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు. దూదేకుల, నూర్‌బాష్ వంటి వర్గాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. మిగతావాళ్లు తమ వర్గం పేరు ఉందో లేదో చూసుకోవాలి. అందులో లేకపోతే, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, ఆస్తి షరతులకు సరిపోతే ఈడబ్ల్యూఎస్ కోటా కింద సర్టిఫికెట్ తీసుకోవచ్చు. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఈడబ్ల్యూఎస్ రాదనుకుని జనరల్‌లో దరఖాస్తు చేసి నష్టపోవద్దు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బడి రికార్డులో ఇంకో స్పెల్లింగు ఉన్న పేర్లు మన ఇళ్లలో సర్వసాధారణం. పదో తరగతి మెమో చేతికొచ్చాక మార్చడం తలనొప్పి. 8వ తరగతిలోనే సరిచేయించుకుంటే ఒక పూట పని.

డబ్బు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఎన్ఐడీ, నిఫ్ట్ ఫీజులు ఏడాదికి లక్షల్లో ఉంటాయి. స్కాలర్‌షిప్పులు, బ్యాంకు లోన్లు ఉన్నాయి కానీ అవి అందరికీ రావు, వడ్డీతో లోను తీసుకోవడం చాలా కుటుంబాలకు ఇష్టం ఉండదు. అలాంటివాళ్లు ప్రభుత్వ యూనివర్సిటీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ దారినే ముందు పెట్టుకోవడం మంచిది. సర్కారు బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలకు ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండి, 7వ తరగతిలో 55 శాతం మార్కులు వచ్చినవాళ్లు రాయవచ్చు. ఎంపికైతే 9 నుంచి 12వ తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూళ్లలో చదివేవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. ఇందులో ఒక పేపరు పూర్తిగా తర్కం మీద ఉంటుంది. బొమ్మల మధ్య సంబంధం, వరసలో తర్వాత వచ్చేది ఏమిటి వంటి ప్రశ్నలు. డిజైన్ ప్రవేశ పరీక్షల్లోనూ ఈ రకం ప్రశ్నలే పెద్ద వాటా. స్కాలర్‌షిప్ వచ్చినా రాకపోయినా ఆ సాధన వృథా పోదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చేయదగ్గవి

కోచింగ్ వద్దు. ఈ వయసులో డిజైన్ కోచింగ్ పేరుతో డబ్బు కట్టించుకునేవాళ్లు ఇప్పటికే కొందరు తయారయ్యారు. పిల్లకు కావాల్సింది ఒక గీతల్లేని నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు, కొంచెం తీరిక. రోజూ ఒక వస్తువు చూసి గీయాలి. టీ కెటిల్, చెప్పు, తాళం చెవి, మసీదు ఝరోఖా, ఏదైనా. పుస్తకంలో బొమ్మ చూసి అచ్చుగుద్దినట్టు దించడం చాలా బడుల్లో డ్రాయింగ్ అనిపించుకుంటుంది. ప్రవేశ పరీక్షల్లో అడిగేది మాత్రం వేరు. చూసినదాన్ని గుర్తుంచుకుని గీయగలగడం, ఇలా ఎందుకుందని ఆలోచించడం. నీళ్ల బిందె మెడ ఎందుకు సన్నగా ఉంది? దర్జీ కత్తెరకు ఒక కన్నం పెద్దది, ఒకటి చిన్నది ఎందుకు? ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతికే పిల్ల సగం సిలబస్ చదివేసినట్టే.

పని జరిగే చోటికి తీసుకెళ్లాలి. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని చూసి నేర్చుకునే ఏర్పాటు ఉండాలి. బడిలో అది జరుగుతోందా అని పేరెంట్స్ మీటింగులో అడగవచ్చు. జరగకపోతే సెలవుల్లో మామూ ప్రెస్సులోనో, చాచా ఫర్నిచర్ షాపులోనో నాలుగు రోజులు కూర్చోబెట్టవచ్చు. పని చేయించడానికి కాదు, చూడటానికి. పెడన వైపు చుట్టాలుంటే కలంకారీ అచ్చులు చెక్కే చోటు చూపించవచ్చు. హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం దగ్గరే గంట కొట్టేదాకా నిలబడి వెనక్కి తిరిగిపోకుండా, అక్కడి ఖురాన్ రాతప్రతుల ముందు ఓ పావుగంట ఆగితే, అక్షరం ఎంత అందంగా ఉండగలదో పిల్లలకు ఎవరూ చెప్పనవసరం లేదు.

ఒక పరీక్ష కూడా ఉంది, చాలామందికి తెలియదు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు కింద డ్రాయింగ్‌లో, టైలరింగ్-ఎంబ్రాయిడరీలో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. లోయర్ గ్రేడ్‌కు 7వ తరగతి పాసైతే చాలు. ఇది డిజైన్ కాలేజీ సీటు ఇప్పించదు. పిల్లకు మాత్రం తన చేతి పనికి సర్కారు ముద్ర పడిన కాగితం ఒకటి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు దాని విలువ వేరు.

ఇంగ్లీషు మాట చివర్లో చెప్పినా చిన్నది కాదు. ఎన్ఐడీ, నిఫ్ట్ పేపర్లు ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి, యూసీడ్ ఇంగ్లీషులోనే. ఉర్దూ, తెలుగు మీడియం పిల్లలు గీయడంలో ఓడిపోరు, ప్రశ్న అర్థం కాక ఓడిపోతారు. రోజూ ఒక పేజీ ఇంగ్లీషు చదివించడం డ్రాయింగ్ క్లాసు కంటే ముందు చేయాల్సిన పని.

ఇంట్లో వచ్చే రెండు సందేహాలు

ప్రాణుల బొమ్మలు గీయడం గురించి ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ప్రతి ఇంటికీ తన పాటింపు ఉంటుంది, దాన్ని బయటివాళ్లు తీర్చలేరు. ఇల్లు నమ్మే ఆలిమ్‌నే అడగాలి. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అక్షరాల డిజైన్, వస్త్రాల డిజైన్, ఫర్నిచర్, వస్తువుల డిజైన్, ఆర్కిటెక్చర్ వంటి పనుల్లో రోజువారీగా ప్రాణుల బొమ్మల అవసరం తక్కువ. యానిమేషన్‌లో తప్పించుకోలేరు. ప్రవేశ పరీక్షల డ్రాయింగ్ ప్రశ్నల్లో మనుషులున్న దృశ్యం అడగవచ్చు. ఈ చర్చ 8వ తరగతిలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే పిల్ల తనకు సరిపడే విభాగం వైపు చూస్తుంది. పరీక్ష రోజున మొదలైతే ఎవరికీ మేలు లేదు.

రెండోది ఆడపిల్లలను దూరం పంపడం. ఎన్ఐడీ, నిఫ్ట్‌లలో అమ్మాయిలకు హాస్టళ్లున్నాయి. మాసబ్ ట్యాంక్ అయితే పాతబస్తీ నుంచి బస్సులో పోయి వచ్చే దూరమే. ఈ పనుల్లో కొన్నింటిని పెళ్లి తర్వాత, పిల్లలు పుట్టాక ఇంటి నుంచి కూడా చేసుకోవచ్చు అన్నది నిజమే. దాన్ని "ఇంట్లోనే చేసుకోవచ్చు కదా, కాలేజీ ఎందుకు" అనే వాదనగా తిప్పేస్తే మాత్రం ఆ అమ్మాయి మళ్లీ పీసు లెక్క కూలి దగ్గరే ఆగుతుంది.

ప్రైవేటు "డిజైన్ ఇన్‌స్టిట్యూట్"ల విషయంలో ఒక్క ప్రశ్న అడిగితే సగం సంగతి తేలిపోతుంది. చివర్లో ఇచ్చేది ఏ యూనివర్సిటీ డిగ్రీ? యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ పేరు చెప్పకుండా "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్" అని తిప్పి చెబితే అడ్వాన్సు కట్టకుండా బయటికి రావాలి.

ఇక చాంద్ రాత్ అమ్మాయి సంగతి. వచ్చే పండుగకు ఆమె వేసే ముప్పై చేతుల్లో కనీసం పది డిజైన్లను ముందు నోటుబుక్కులో గీసుకుని, కింద తేదీ వేసి, ఎవరి చేతికి ఎందుకు ఆ డిజైన్ ఎంచుకుందో రెండు మాటలు రాసి పెట్టుకోవచ్చు. ఇంటర్ దాకా ఇలా ఐదారు పండుగలు వస్తాయి. కాలేజీల వాళ్లు ఇంటర్వ్యూలో అడిగే పోర్ట్‌ఫోలియో అంటే ఇలాంటి పుస్తకమే.